ఈస్టు కణంలో సోడియం, పొటాషియం అయాన్ల నియంత్రణ

తందూరులో కాల్చే ఖమీరీ రొట్టె మొదలు బేకరీలో అమ్మే డబల్‌రొట్టె వరకు, పులిసిన పిండితో చేసే రొట్టెలలో సాధారణంగా ఉప్పు ఉంటుంది. అది రుచి కొరకు మాత్రమే అనుకొనడం సరికాదు. ఉప్పు వేయని పిండి మితిమీరి పొంగుతుందనీ, ఉప్పు ఎక్కువైతే పొంగడానికి మొరాయిస్తుందనీ రొట్టెలు చేసే పనివారికి అనుభవపూర్వకంగా తెలుసు. పిండిని పొంగించేది ఈస్టు. అది సుమారు ఐదు మైక్రోమీటర్ల వ్యాసం గల ఏకకణజీవి. శాస్త్రీయ నామం శాఖరోమైసిస్ సెరివిసియే. ఉప్పు దాని పనిని మందగింపజేస్తుంది గాని, మామూలు మోతాదులో దానిని చంపలేదు. ఇది సామాన్య విషయంగా తోచవచ్చు. కాని ఒక్క లెక్క వేసి చూద్దాం. నూరు గ్రాముల పిండికి రెండు గ్రాముల ఉప్పు, అరవై గ్రాముల నీరు కలిపినామనుకొనండి. ఆ ఉప్పంతా నీటిలోనే కరిగి ఉంటుంది. కనుక పిండిలోని నీటిలో లీటరుకు సుమారు 33 గ్రాముల ఉప్పు ఉన్నదన్నమాట. సముద్రజలంలో ఉండే లవణాలు లీటరుకు 35 గ్రాములు. అనగా మన రొట్టెపిండిలోని ఖమీరు కణం నివసిస్తున్నది దాదాపు సముద్రంలోనే.

అట్టి ఉప్పునీటి నడుమ ఉండికూడ కణం తన లోపలి సంపదను వేరుగా కాపాడుకొంటుంది. ఆరోగ్యంగా ఉన్న ఈస్టు కణంలో పొటాషియం లీటరుకు 200 నుండి 300 మిల్లీమోలుల వరకు ఉంటుంది. సోడియం అంతకంటె ఎన్నో రెట్లు తక్కువగా ఉండేటట్లు కణం జాగ్రత్త పడుతుంది. బయటి ద్రవంలో పొటాషియం లీటరుకు 10 మైక్రోమోలులకు పడిపోయినా, 2 మోలులకు మించి పెరిగినా ఈస్టు పెరుగుతూనే ఉంటుంది. రెండు లక్షల రెట్ల తేడాను సహించి, లోపలి పరిమాణాన్ని ఇంచుమించు ఒకే స్థాయిలో నిలుపుకొనే శక్తి దానికి ఎట్లా కలిగింది? ఈ వ్యాసంలో పరిశీలింపదలచిన ప్రశ్న ఇదే.

ఈ ప్రశ్నకు మన విద్యార్థులలో చాలమంది తడుముకొనకుండా "సోడియం-పొటాషియం పంపు" అని సమాధానం వ్రాస్తారు. వారి తప్పు కాదు; పాఠ్యగ్రంథాలలో త్వచం గురించిన అధ్యాయం ఆ పంపుతోనే మొదలై ఆ పంపుతోనే ముగుస్తుంది. 1957లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు జెన్స్ స్కౌ పీత నాడులలో కనుగొన్న ఈ ఎంజైము ఒక్కొక్క ఎ.టి.పి. అణువును ఖర్చుచేసి మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తీసుకొంటుంది. అందుకు ఆయనకు 1997లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతిలో భాగం లభించింది. మన నాడులు, కండరాలు, మూత్రపిండాలు అన్నీ దానిపై ఆధారపడినవే. అయితే ఆ ఎంజైము జంతుకణాల సొత్తు. ఈస్టులో అది లేదు. 1996లో ఈస్టు జన్యువులన్నింటిని, అనగా సుమారు ఆరువేలను, చదివి ముగించినప్పుడు కూడ అందులో అది కనబడలేదు. జంతుకణం ఒకే యంత్రంతో చేసే పనిని ఈస్టు ఐదారు వేర్వేరు ప్రోటీనులకు పంచి ఇచ్చింది. వాటన్నింటికీ మూలశక్తిని సోడియం నుండి గాక, హైడ్రోజన్ అయాను నుండి, అనగా ప్రోటాను నుండి, సమకూర్చుకొన్నది. ఈ భేదాన్ని గ్రహించకపోతే ఈస్టునే గాక, మొక్కలను గూర్చి కూడ మనం పొరపాటుగానే అర్థం చేసుకొంటాము.

ఈ సంగతి మొదట తోచినది జన్యుశాస్త్రం వలన కాదు. 1940 దశాబ్దంలో డబ్లిన్ నగరంలో జీవరసాయన ఆచార్యుడుగా ఉండిన ఎడ్వర్డ్ కాన్వే, పులుస్తున్న ఈస్టుకు చక్కెరతోపాటు పొటాషియం క్లోరైడు ఇచ్చి చూచినాడు. కణాలు పొటాషియంను లోనికి తీసుకొంటున్నకొద్దీ బయటి ద్రవం ఆమ్లంగా మారసాగింది. 1946లో ఆయన, ఓమాలీ కలిసి ప్రకటించిన వ్యాసంలో ఆ ఆమ్లత 0.02 నార్మల్ హైడ్రోజన్ అయాన్ల వరకు పోయినట్లు తెలిపినారు. అనగా పి.హెచ్. విలువ రెండుకంటె తక్కువ. మన జఠరరసంతో పోల్చదగినది. ఒక ధనావేశం లోనికి వస్తే ఒక ధనావేశం బయటికి పోతున్నది. పొటాషియం రాకకూ, ప్రోటాను పోకకూ సంబంధమున్నదని అంతటితో రుజువైనది. ఆ సంబంధం ఎట్టిదో తేలడానికి మాత్రం మరి నాలుగు దశాబ్దాలు పట్టినది.

ఈ ప్రయోగపు సులభరూపాన్ని కళాశాల ప్రయోగశాలలోనే చేసి చూడవచ్చు. బేకరీ ఈస్టును స్వేదనజలంతో రెండు మూడుసార్లు కడిగి, ఒక బీకరులో నీటిలో కలిపి, గ్లూకోజు వేయవలె. పి.హెచ్. కాగితంతోగాని, మీటరుతోగాని కొన్ని నిమిషాలకొకసారి కొలిస్తే ద్రవం క్రమంగా ఆమ్లమవడం తెలుస్తుంది. అప్పుడు కొద్దిగా పొటాషియం క్లోరైడు కలిపితే ఆమ్లత మరింత త్వరగా హెచ్చుతుంది. గ్లూకోజు లేని బీకరును పక్కన ఉంచి పోల్చడం మరువరాదు. పోల్చి చూపని ప్రయోగం ప్రయోగమే కాదు.

ప్రోటాన్లను బయటికి తోసే యంత్రం ఈస్టు ప్లాస్మాత్వచంలో ఉన్న పి.ఎం.ఎ.1 అనే ప్రోటీను. దాని జన్యువును 1986లో రమోన్ సెరానో, కీలాండ్-బ్రాంట్, జెరాల్డ్ ఫింక్ అనువారు చదివినారు. అది లేకపోతే ఈస్టు బ్రతుకదని కూడ వారు చూపినారు. జన్యువు చదివిన మీదట మరొక విశేషం బయటపడింది. స్కౌ కనుగొన్న జంతువుల పంపుకు ఇది వేలువిడిచిన చుట్టమే! రెండూ ఎ.టి.పి. నుండి ఫాస్ఫేటును తమకు తగిలించుకొని, ఆకారం మార్చుకొని, అయాన్లను నెట్టే జాతికి చెందినవి. పూర్వీకుడు ఒక్కడే గాని ఒక శాఖ సోడియంను మోయగా, మరొకటి ప్రోటాన్లను మోస్తున్నది. కణం తయారుచేసే ఎ.టి.పి.లో పెద్దభాగం, పదింట ఒకవంతు మొదలుకొని నాలుగింట ఒకవంతు వరకు, ఈ ఒక్క యంత్రమే మింగివేస్తుందని లెక్క.

ఇంత ఖర్చు ఎందుకని అడుగవచ్చు. మేడపై నీటితొట్టె ఉన్న ఇంటిని ఊహించుకొనండి. మోటారు ఒక్కటే, అది నీటిని పైకి ఎక్కించడం తప్ప మరేమీ చేయదు. వంటింటి కొళాయి, స్నానపు గది కొళాయి, తోటలోని గొట్టం అన్నీ ఆ తొట్టెలోని నీటి బరువుతోనే పనిచేస్తాయి. పి.ఎం.ఎ.1 అట్టి మోటారు. ప్రోటాన్లను బయటికి నెట్టడం వలన రెండు ఫలితాలు కలుగుతాయి. బయట ఆమ్లత హెచ్చుతుంది; ధనావేశం వెలికి పోయినందున కణం లోపలి వైపు ఋణావేశం నిలుస్తుంది. ఈ రెండింటి బలంతో పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించిన రీతిగా తక్కిన రవాణా అంతా సాగుతుంది. ఆ సిద్ధాంతానికి ఆయన 1978లో నోబెల్ బహుమతి పొందినాడు.

ఇప్పుడు పొటాషియం లోనికి ఎట్లా వస్తుందో తెలుసుకొనడం సులభం. త్వచంలో ట్రక్-1, ట్రక్-2 అనే రెండు వాహక ప్రోటీనులున్నవి. వీటిలో ముఖ్యమైన ట్రక్-1 జన్యువును గేబర్, ఫింక్ ప్రభృతులు 1988లో వేరుచేసినారు. లోపలి ఋణావేశం ధనావేశం గల పొటాషియంను ఆకర్షిస్తుంది. వాహకం దారి చూపుతుంది. బయట 10 మైక్రోమోలులు, లోపల 200 మిల్లీమోలులు ఉంటే గాఢతల నిష్పత్తి ఇరవైవేలు. నెర్న్‌స్ట్ సమీకరణాన్ని గుర్తుచేసుకొంటే, 30 డిగ్రీల వద్ద పదిరెట్ల తేడాకు సుమారు 60 మిల్లీవోల్టులు కావలె. ఇరవైవేల రెట్లకు 258 మిల్లీవోల్టులు. టార్చిలైటు బ్యాటరీ ఇచ్చే 1500 మిల్లీవోల్టుల ముందు ఇది అల్పమే. కాని త్వచం మందం సుమారు 7 నానోమీటర్లే గనుక, మీటరుకు లెక్కగడితే అది మూడున్నర కోట్ల వోల్టులకు పైమాట.

ట్రక్ వాహకపు మరొక గుణం ఇంతకంటె ఆశ్చర్యకరం. పొటాషియం పుష్కలంగా ఉన్నప్పుడు అది అంతగా ఎంపిక చేయదు. సోడియం కూడ కొంత దానివెంట జొరబడుతుంది. పొటాషియం కరువైనప్పుడు, లేక సోడియం దాడిచేసినప్పుడు, అదే వాహకం తీక్షణమైన ఆకర్షణ గల స్థితికి మారి, పొటాషియంను ఏరుకొని సోడియంను దూరంగా పెడుతుంది. రోడ్రిగెజ్-నవారో, రామోస్ అనే స్పెయిన్ శాస్త్రజ్ఞులు 1984లో ఈ రెండు స్థితులను వర్ణించినారు. ట్రక్ జన్యువులు రెండూ తొలగించిన ఈస్టు చావదు గాని, పోషకద్రవంలో పొటాషియం ఎంతో ఎక్కువ పోస్తేనే పెరుగుతుంది. ఈ దుర్బలమైన ఈస్టును జ్ఞాపకం ఉంచుకొనండి. దాని ఉపయోగం ముందు చెప్పబోతున్నాము.

లోపల పొటాషియం ఎక్కువై త్వచపు ఆవేశం తగ్గినప్పుడు టోక్-1 అనే ద్వారం తెరుచుకొని కొంత పొటాషియంను విడిచిపెడుతుంది. ఇది 1995లో తెలిసినది.

ఇక సోడియం మాట. ఎంత జాగ్రత్తపడినా బయట లీటరుకు అరమోలు సోడియం ఉన్నప్పుడు కొంత లోనికి రాక తప్పదు. వచ్చినదానిని వెలివేయడానికి ఈస్టుకు రెండు మార్గాలున్నవి. ఒకటి ఎన్.హెచ్.ఎ.1 అనే వినిమయ ప్రోటీను. బయటినుండి ప్రోటాన్లను లోనికి రానిచ్చి, ఆ బలంతో సోడియంను బయటికి పంపుతుంది. ఇది మేడమీది తొట్టెకు బిగించిన కొళాయి వంటిదే. రెండవది ఎనా-1. ఇది కొళాయి కాదు, స్వయంగా మోటారు, ఎ.టి.పి.ని ఖర్చుచేసి సోడియంను తోస్తుంది. దీనిని మడ్రిడ్‌లో రోడ్రిగెజ్-నవారో బృందం 1991లో గుర్తించింది. సోడియం నిష్క్రమణ అని అర్థమిచ్చే లాటిన్ మాటల నుండి దానికి ఆ పేరు పెట్టినారు. కొన్ని ఈస్టు రకాలలో ఈ జన్యువు ఒకదాని వెనుక ఒకటిగా నాలుగైదు ప్రతులలో ఉంటుంది. ఆ ప్రతులన్నీ తీసివేస్తే మామూలు ఈస్టు తేలికగా సహించే ఉప్పులోనే కణం పెరుగలేకపోతుంది.

ఒకే పనికి రెండు ఏర్పాట్లు ఎందుకు? దుబారా కాదు. ఈస్టుకు ఇష్టమైన ఆమ్ల ద్రవంలో బయట ప్రోటాన్లు సమృద్ధిగా ఉంటాయి. వినిమయం చక్కగా సాగుతుంది. బయటి ద్రవం క్షారమైతే ప్రోటాన్లు అరుదై తొట్టె ఎండిపోయినట్లవుతుంది. ఎన్ని కొళాయిలున్నా లాభం లేదు. అప్పుడు ప్రోటాన్లతో పనిలేని ఎనా-1 ఒక్కటే శరణ్యం. అందుచేతనే ఆ జన్యువు మామూలు రోజులలో దాదాపు నిద్రాణంగా ఉండి, ఉప్పు సోకినప్పుడు, పి.హెచ్. హెచ్చినప్పుడు మేల్కొంటుంది. గ్లూకోజు దండిగా దొరుకుతున్నప్పుడు దానిని అణచి ఉంచే ఏర్పాటు కూడ ఉన్నది.

వెలికి పంపగా మిగిలిన సోడియంలో కొంత రిక్తికలోనూ, దానికి దారితీసే చిన్న సంచులలోనూ నిలువచేయబడుతుంది. ఆ సంచుల పొరలలో ఎన్.హెచ్.ఎక్స్.1 అనే మరొక వినిమయ ప్రోటీను ఉన్నట్లు 1997లో నాస్, కనింగ్‌హామ్, రావు ప్రకటించినారు. ఇంటిలోనికి వచ్చిన చెత్తను వీధిలో పారవేయలేనప్పుడు పెరటి గదిలో పెట్టి గొళ్ళెం వేసినట్లన్నమాట.

ఉప్పు దాడిచేసినదని జన్యువుకు తెలిసేది ఎట్లా? సోడియం క్లోరైడు కణంపై వేసే దెబ్బలు రెండు. మొదటిది ద్రవాభిసరణ సంబంధమైనది. నీరు బయటికి పోయి కణం ముడుచుకొంటుంది. దీనికి హాగ్-1 అనే ఎంజైము మార్గంగా కణం గ్లిసరాలును తయారుచేసి నీటిని నిలుపుకొంటుంది. రెండవది సోడియం అయాను యొక్క ప్రత్యేక విషప్రభావం. ఈ రెండింటిని విడదీయడానికి శాస్త్రజ్ఞులు ఉప్పుకు బదులు అంతే ద్రవాభిసరణ పీడనం గల సార్బిటాలు వాడి చూస్తారు. సార్బిటాలులో పెరిగి ఉప్పులో చచ్చే కణానికి లోపమున్నది సోడియం వ్యవహారంలోనే. సోడియం వలన కణద్రవ్యంలో కాల్షియం హెచ్చి, కాల్సిన్యూరిన్ అనే ఫాస్ఫటేసు ఉత్తేజం పొందుతుంది. అది సి.ఆర్.జడ్.1 అనే ప్రోటీను నుండి ఫాస్ఫేటును తొలగించగా, ఆ ప్రోటీను కేంద్రకంలో ప్రవేశించి ఎనా-1 జన్యువును మేల్కొల్పుతుంది. మూత్రపిండం మార్పిడి చేయించుకొన్నవారికి ఇచ్చే సైక్లోస్పోరిన్ మందు మన లింఫోసైటులలో అణచివేసేది ఈ కాల్సిన్యూరిన్‌నే. ఈస్టులో దానిని అణచివేస్తే కణం ఉప్పుకు తట్టుకొనలేదు. రోగి రక్తకణంలోను, రొట్టెపిండిలోను ఒకే మీట పనిచేస్తున్నది.

ఇంతవరకు సోడియంను విషమని అంటూ వచ్చినాము. పొటాషియం, సోడియం రెండూ ఒకే ఆవేశం గలవి. అయాను వ్యాసార్ధం ఒకదానికి 1.33, మరొకదానికి 0.95 ఆంగ్‌స్ట్రాములు. ఈ కొద్ది తేడాకు ప్రాణం ఎందుకు పోవలె? ఎంజైములు పొటాషియంకు అలవాటుపడినవని సాధారణంగా చెబుతారు, నిజమే. కాని అట్టి సమాధానంతో తృప్తిపడక, ఫలానా ఎంజైము అని వేలు పెట్టి చూపినప్పుడే శాస్త్రం ముందుకు పోతుంది. ఈ విషయంలో వెలెన్సియాలో సెరానో బృందం చేసిన కృషి మెచ్చదగినది. ఏ జన్యువు ఎక్కువ ప్రతులలో ఉంటే ఈస్టు ఉప్పును ఎక్కువగా సహిస్తుందో వెదకగా, హాల్-2 అనే జన్యువు 1993లో దొరికింది. అది త్వచానికి సంబంధించినదే కాదు! సల్ఫేటును మెథియోనీనుగా మార్చే మార్గంలో మిగిలిపోయే ఒక న్యూక్లియోటైడును విరగగొట్టి తొలగించే ఎంజైము అది. 1995లో తేలిన ప్రకారం సోడియం, అంతకు మించి లిథియం, ఈ ఎంజైమును స్తంభింపజేస్తాయి. పొటాషియం సోడియం ప్రభావానికి అడ్డుపడుతుంది. ఎంజైము ఆగిపోతే ఆ వ్యర్థ న్యూక్లియోటైడు పేరుకొని, ఆర్.ఎన్.ఎ.ను చక్కదిద్దే ఎంజైములను పాడుచేస్తుంది. పోషకద్రవంలో మెథియోనీను కలిపితే ఆ మార్గం అవసరమే తగ్గి, ఈస్టు ఉప్పును మరికొంత సహిస్తుంది. ఆ ఎంజైము వద్ద గెలుపోటములు నిర్ణయించేది సోడియం ఒక్కటే కాదు, పొటాషియంతో దాని నిష్పత్తి. పొటాషియంను చక్కగా కూడబెట్టుకొనే కణం అంతే సోడియంతో బ్రతుకగలదు.

అందరు ఈస్టులదీ ఈ మార్గమే అనుకొనరాదు. ఉప్పునీటిలోను, జున్ను ఊరవేసే ఉప్పుద్రవంలోను పెరిగే డెబారియోమైసిస్ హాన్సెనీ అనే జాతి సోడియంను అంతగా వెలివేయదు. లోపల ఉండనిచ్చి దానితోనే కాపురం చేస్తుంది.

ఇదంతా రొట్టెపిండికే పరిమితమైతే కళాశాల విద్యార్థి ఇంత శ్రమపడి చదువనవసరం లేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమ పొలాలపై సముద్రజలాన్ని తెచ్చి పోసిన సంగతి ఆంధ్రదేశంలో మరువబడినది కాదు. కోస్తా రైతుకు చౌడు నేల కొత్తది కాదు. అట్టి నేలలో వరిమొక్క ఎదుర్కొనే సమస్య ఈస్టు కణం ఎదుర్కొనేదే. మొక్కలో కూడ జంతువుల సోడియం-పొటాషియం పంపు లేదు. దానికి కూడ ప్రోటాను పంపే ఆధారం. ఎనా వంటి మోటారు నాచుమొక్కలలో ఉన్నది గాని పూలమొక్కలలో లేదు. కనుక వరి ఉప్పు ముందు ఈస్టుకంటె బలహీనం.

పైన జ్ఞాపకం ఉంచుకొనుమన్న దుర్బలమైన ఈస్టు ఇక్కడ అక్కరకు వచ్చింది. ట్రక్ జన్యువులు లేని ఆ కణాలలో అరబిడోప్సిస్ అనే చిన్నమొక్క జన్యువులను ఒక్కొక్కటిగా ప్రవేశపెట్టి, పొటాషియం తక్కువగల ద్రవంలో ఏవి బ్రతికి పెరుగుతాయో చూచినారు. అట్లా 1992లో మొక్కల పొటాషియం ద్వారాలు రెండు, ఎ.కె.టి.1, కె.ఎ.టి.1, బయటపడినవి. 1994లో గోధుమ వేరునుండి హెచ్.కె.టి.1 కూడ ఈ విధంగానే దొరికింది. ఇది ఈస్టు ట్రక్ వాహకానికి బంధువు. 2002లో మొక్క సోడియంను వెలివేసే మూడు ప్రోటీనులను కలిపి ఈస్టులో పనిచేయించి, వాటి పరస్పర సంబంధాన్ని నిరూపించినారు. మొక్కలో సంవత్సరాలు పట్టే పరీక్ష ఈస్టులో రోజులలో ముగుస్తుంది.

బంగాళ ప్రాంతపు ఉప్పునేలలలో రైతులు పూర్వంనుండి పండించే నోనా బోక్రా అనే వరి రకం ఉన్నది. అది ఉప్పును సహించడానికి తోడ్పడే ఒక జన్యువును 2005లో చైనా శాస్త్రజ్ఞులు వేరుచేయగా, అది ఈ హెచ్.కె.టి. కుటుంబానికి చెందినదేనని తేలింది. ఆ ప్రోటీను వేరునుండి పైకి ప్రవహించే దారువు రసంలోని సోడియంను దారిలోనే వెనుకకు లాగుకొంటుంది. అందుచేత ఆకులలో సోడియం తక్కువగాను, పొటాషియం ఎక్కువగాను నిలుస్తుంది.